కంప్యూటర్లకి గొడుగు గుడ్డ

జూన్ 3

కవర్ల దుకాణంలో ఈరోజు కూడా "ఏ కంపెనీ మిక్సీ అమ్మా?" అనే అడిగారు.

మిక్సీ కాదండీ, కంప్యూటర్ అన్నాను. కొలతలు రాసుకున్న కాగితం చూపించాను. దుకాణాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంత పొడుగు, ఇంత ఎత్తు, పైన పట్టుకోడానికి పిడి! ఇది కంప్యూటరా, కుట్టుమిషనా?" అన్నాడు. ఆయన్ని అని లాభం లేదు. మా కాలేజీ పాత యంత్రాల గదిలో ఉన్నవాటిలో సగం కుట్టుమిషను పెట్టెల్లాగే ఉంటాయి. మూత తీస్తే పోస్టుకార్డంత తెర. ఆ రోజుల్లో వీటిని ఎక్కడికైనా మోసుకెళ్ళవచ్చు అని చెప్పి అమ్మారట. మోసినవాళ్ళ భుజాలు ఏమయ్యాయో ఎక్కడా రాసిలేదు.

పెద్దసారుది ఒకటే మాట. వచ్చే నెల ప్రదర్శన తెరిచేలోపు ప్రతి యంత్రానికీ కవరు ఉండాలి. ప్లాస్టిక్ వద్దు, లోపల చెమ్మ పట్టి పాడవుతాయి. గుడ్డే కావాలి. "ఎక్కడ తెస్తావో, ఎవరిచేత కుట్టిస్తావో నీ ఇష్టం. నీమీద వదిలేస్తున్నా" అన్నారు.

ఉద్యోగంలో చేరాక నామీద ఎవరైనా ఏదైనా వదిలేయడం ఇదే మొదలు. పర్మనెంటు చేస్తారో, ఇంటికి పంపిస్తారో నెలాఖరున చెప్తారు. ఈ పని బాగా చెయ్యాలి.

జూన్ 5

ఎక్కడా దొరకవు. కుట్టించాల్సిందే.

జూన్ 6

పాత పేపర్లు కత్తిరించి ఒక్కో యంత్రానికీ ఒక్కో నమూనా తయారుచేశాను. ఇంటికి తెచ్చి నేలమీద పరిస్తే అమ్మకి కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. నాన్న గొడుగుల పని నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటమ్మా ఇవి?"

"మా ఆఫీసులో పాత కంప్యూటర్లకి కవర్లు, నాన్నా. కొలతలు."

కూర్చుని ఒక్కో కాగితమే చేతిలోకి తీసుకుని చూశాడు. "దుమ్ము పడకూడదు. గాలి ఆడాలి. అంతేనా?"

"అంతే."

"మరి గొడుగు గుడ్డ ఉందిగా! మొన్ననే కొత్త తాను తెచ్చాను. నికార్సైన నూలు, నల్లగా నిగనిగలాడుతోంది. వాననే ఆపే గుడ్డకి దుమ్మొక లెక్కా?"

"ఈయనకి ఏం చూపించినా గొడుగే కనిపిస్తుంది" అంది అమ్మ. "పెళ్ళికి ముందు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు కూడా కమ్ములు సరిగ్గా ఉన్నాయా లేవా అనే చూసుంటాడు."

"ఉన్నాయిగా. ఇన్నేళ్ళలో ఒక్కటీ వంగలేదు" అన్నాడు నాన్న.

డబ్బు మాట ఎత్తితే చెవులు మూసుకున్నాడు. కూతురి ఆఫీసుకి బిల్లు వేస్తే కళ్ళు పోతాయట.

జూన్ 9

మొదటి కవరు గుడారంలా వచ్చింది. జీవితమంతా ముక్కోణాలు కత్తిరించిన చెయ్యి చదరంగా కత్తిరించమంటే మొరాయించింది. నడినెత్తిన శిఖరం! అమ్మ చూసి, "కంప్యూటరుకి తలపాగా చుట్టావా?" అంది. నాన్న నవ్వలేదు. కుట్లన్నీ విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. ప్రతి అంచుకీ నావైపు చూసి "ఇట్లా సరిపోతుందంటావా అమ్మా?" అని అడుగుతాడు. నాకేం తెలుసు. సరిపోతుంది నాన్నా అంటాను.

జూన్ 10

కవర్లు ఎవరు కుడుతున్నారని పెద్దసారు అడిగారు. "ఒక సప్లయర్ ఉన్నారు సార్. శాంపిల్ కింద ఊరికే ఇస్తానన్నారు" అన్నాను.

అబద్ధమేం కాదు. సప్లయ్ చేసేవాళ్ళని సప్లయర్ అనే అంటారు.

జూన్ 15

ఈరోజు ఒక పెద్దావిడ తన కంప్యూటర్ని చంకన పెట్టుకుని బస్సులో వచ్చారు. పత్రికలో రిపోర్టరుగా చేసి రిటైరయ్యారట. గదిలో అందరూ అప్పుడే ఆవిడకి రిపోర్టరమ్మ అని పేరు పెట్టేశారు. ఆవిడది పెట్టెలాంటిది కాదు. పలకలా ఉంటుంది, మీగడ రంగు. ఇరుకు తెర, కింద టైపుమిషను మీటలు. పెన్సిల్ బ్యాటరీలు వేస్తే చాలు. వరదలప్పుడు, ఎన్నికలప్పుడు, రైలు పడిపోయినప్పుడు ఎక్కడ చోటు దొరికితే అక్కడ ఒళ్ళో పెట్టుకుని వార్త కొట్టి, టెలిఫోను రిసీవరుకి రబ్బరు గిన్నెలు తగిలించి ఫోను తీగ మీదే పత్రికకి పంపేవారట.

"దానం చెయ్యడంలేదు. ప్రదర్శన అయ్యేదాకా అరువు. తెలిసిందా?" అన్నారు పెద్దసారుతో. తర్వాత నాతో, "నా పిల్లలకి స్నానం నేను చేయించలేదమ్మాయ్, మా అత్తగారే చేయించారు. దీన్ని మాత్రం నేనే తుడుచుకునేదాన్ని" అన్నారు.

జాగ్రత్తగా చూసుకుంటానని మాట ఇచ్చాను. నా చెయ్యి పట్టుకుని గోళ్ళ కింద మట్టి ఉందేమో చూసి మరీ వెళ్ళారు.

జూన్ 17

కవర్లన్నీ వచ్చాయి. రిపోర్టరమ్మ యంత్రానికి కూడా నిన్న ఒకటి కుట్టాడు. గది నిండా నల్లగా, బుద్ధిగా, వరసగా. పెద్దసారు ఒక అంచు తిరగేసి కుట్టు మీద వేలు పోనిచ్చి, "చెయ్యి తిరిగినవాడే! ఎవరు?" అన్నారు. మీరు మెచ్చుకున్నారని చెప్తాను సార్ అన్నాను.

ఇంటికొచ్చి చెప్పాను.

"బాగున్నాయన్నారా?"

"చాలా బాగున్నాయన్నారు."

"ఎవరు కుట్టారని అడిగారా?"

"అడిగారు."

నాన్న దారపు ఉండ చుట్టి పక్కన పెట్టాడు. అమ్మ అన్నానికి పిలిచింది.

జూన్ 18

పోస్టాఫీసు వైపు పేవ్‌మెంటంతా గుంతలు. రోడ్డుకి అవతలి పక్క నుంచి ఆఫీసుకి వెళ్ళడమే నయం.

జూన్ 20

దీన్ని రాయకుండా ఊరుకుందామనుకున్నాను.

మధ్యాహ్నం పెద్దసారుతో పోస్టాఫీసుకి వెళ్ళాల్సి వచ్చింది. దారిలో ఈదురుగాలి, వాన. ఆయన గొడుగు వెనక్కి తిరిగి రెండు కమ్ములు విరిగాయి. "ఇక్కడ మెట్ల పక్కన ఎవరో బాగుచేస్తాడే" అంటూ ఆయనే ముందు నడిచారు.

నాన్న తలెత్తి చూశాడు. ముందు నన్ను, తర్వాత సారుని. ఆ తర్వాత మళ్ళీ నావైపు చూడలేదు. గొడుగు అందుకున్నాడు. విరిగిన కమ్ములు తీసి కొత్తవి తొడిగి, తీగ మెలిపెట్టాడు. పెద్దసారు వానల గురించి ఏదో మాట్లాడుతుంటే "అవునండి, అవునండి" అన్నాడు. పైన టార్పాలిన్‌లో నిలిచిన నీళ్ళు నామీద పడబోతుంటే కర్రతో పక్కకి తోసి అన్నాడు:

"మేడమ్, కాస్త ఇటు జరగండి. తడుస్తారు."

జరిగాను.

రాత్రి అన్నం తింటూ, "ఈరోజు వాన దంచేసింది" అన్నాడు. "అవును నాన్నా" అన్నాను. అమ్మ ఇద్దరి మొహాలూ చూసి, "వాన గురించి ఇంత బాధపడే ఇంట్లో గొడుగుల వ్యాపారమేంటో" అంది.

జూన్ 23

రిపోర్టరమ్మ యంత్రం మీద కవరు తీశాను. మూతమీద మరక. బూడిద రంగు, పెద్దది. మధ్యలో కుట్టు పడినచోట గీతలా ఇంకా నల్లగా ఉంది. గుడ్డ రంగు దిగింది.

మిగతావన్నీ తీసి చూశాను. వాటికేం కాలేదు. దీనికే.

కవరు మళ్ళీ కప్పేశాను.

జూన్ 24

ఎవరూ లేనప్పుడు ఎరేజరుతో ఒక మూల రుద్దాను. మరక పోలేదు. ఆ మూల మాత్రం వేరేగా మెరుస్తోంది. ఆపేశాను. ఆపేసరికి పెద్దసారు వెనకే నిలబడి ఉన్నారు.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. కుర్చీ లాక్కుని కూర్చుని, "శనివారం ఆవిడ వస్తున్నారు. ఆ సప్లయర్‌ని కూడా రమ్మను. ఆవిడ ఎదురుగానే సమాధానం చెప్పుకోనీ. రంగు దిగే గుడ్డ అంటగట్టి శాంపిలట! మిగతా కాలేజీలవాళ్ళక్కూడా చెప్తాను, ఇంకెవరూ అతని మొహం చూడకుండా" అన్నారు.

సరే సార్ అన్నాను.

జూన్ 25

గుడ్డ నాన్నది. పనీ నాన్నదే. రంగు దిగుతుందో లేదో గొడుగు గుడ్డతో బతికేవాడికి తెలియాలి. ఇన్నేళ్ళనుంచి చేస్తున్నాడు కదా. నేను కంప్యూటర్ల సంగతి చూసుకోవాలి గానీ గుడ్డల సంగతి కూడా నేనేనా?

సప్లయర్ ఊళ్ళో లేరని, ఫోన్ ఎత్తడంలేదని చెప్పొచ్చు. పేరు తెలియదు కాబట్టి నాన్నకి పోయేదేమీ లేదు. ఎవరో తెలియని మనిషిని తిట్టుకుని వదిలేస్తారు. నా ఉద్యోగం నిలుస్తుంది. నా ఉద్యోగం నిలిస్తే అది నాన్నకే కదా మంచిది. ఆలోచిస్తే ఇదంతా ఆయన కోసమే.

జూన్ 26

నిన్న రాసింది చదువుకున్నాను. చదువుకోకుండా ఉండాల్సింది.

పదిహేడో తారీఖు రాసినప్పుడు ఒకటి వదిలేశాను. ఆరోజు కవరు వేసేముందు రిపోర్టరమ్మ యంత్రాన్ని తడిగుడ్డతో తుడిచాను. ఆవిడ అంత ప్రేమగా చెప్పారని, దాన్నొక్కదాన్నే. తడి ఆరకముందే కవరు కప్పేశాను, పెద్దసారు వచ్చేవేళకి గది తీరుగా కనిపించాలని. మిగతావాటిని పొడిగుడ్డతో తుడిచాను. అందుకే వాటికేం కాలేదు. ఇది నాకు మరక చూసిన నిమిషంలోనే తెలుసు.

సాయంత్రం నాన్నకి చెప్పాను. మరక పడిందని చెప్పాను, తడిగా ఉండగా కప్పానని చెప్పాను. ముందు నమ్మలేదు. "ఆ గుడ్డా? మంచి మిల్లు గుడ్డ అది! దిగే రకం కాదు" అని తాను తెచ్చి, అంచు నీళ్ళలో ముంచి, చొక్కా కొనకి రుద్ది చూసుకున్నాడు. చొక్కా నల్లబడింది.

"కొత్త గొడుగు మొదటి వానకి రంగు కారుతుంది. అది కారనిచ్చి, ఆరబెట్టి, ఆ తర్వాతే ఇంట్లో పెట్టుకోండి, తెల్లబట్టల మీద వేసుకోకండి అని ప్రతి బేరానికీ చెప్తాను" అన్నాడు మెల్లగా. "ఇది వానలోకి వెళ్ళేది కాదు కదా, తడవదు కదా అనుకున్నాను."

"ప్రతివాళ్ళకీ చెప్పేవాడివి, నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

విచిత్రంగా చూశాడు. "నీకు చెప్పేదేముంది? చదువుకున్నదానివి. నీకు తెలియందా?"

"నాకెలా తెలుస్తుంది?"

"అదే అనుకున్నాను, నీకు తెలిసే ఉంటుందని" అన్నాడు. ఆ రెండు మాటలకీ పొంతన లేదని ఆయనకి తట్టలేదు.

"తాతకి దగ్గులు నేర్పినట్టు ఉంటుందని ఊరుకుని ఉంటాడు" అంది అమ్మ.

అప్పుడు ఆలోచించాను. ఈ ఇంట్లో నాకు ఎవరూ ఏమీ చెప్పరు. ఎప్పుడు మానేశారో కూడా గుర్తులేదు. కూరలో ఉప్పు మర్చిపోతే మాట్లాడకుండా తింటారు, కొత్త పద్ధతేమో అనుకుని. పాల కింద గ్యాసు సన్నగా పెట్టి మర్చిపోయి బయటికి వెళ్తే అమ్మ ఆపేసి ఊరుకుంటుంది, కావాలనే పెట్టానేమో అని ఒకసారి నన్నే అడిగింది. పిన్ని కూతురు తప్పుచేస్తే నలుగురూ పడి తిడతారు. నేను చేస్తే అది తప్పే కాకుండా పోతుంది. నాకు అదేదో గౌరవంలా ఉండేది. నేను కూడా ఎవరినీ ఏమీ అడగడం మానేశాను. అడిగితే తెలియదని తెలిసిపోతుందిగా.

"శనివారం సప్లయర్‌ని రమ్మన్నారు" అన్నాను.

"ఎవరది?"

"నువ్వే."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "వస్తే తిడతారా?" అని అడిగాడు నాన్న.

"తిడతారు."

"నీ ఉద్యోగానికి అడ్డమంటే రాను. నేనెవరో తెలియనవసరం లేదు. మొన్న అట్లాగే చేశాగా" అన్నాడు.

'మొన్న' అన్నాడు. మామూలుగా అన్నాడు, నాకు చేసిన చిన్న సాయంలాగా.

జూన్ 28

నిన్న శనివారం. నిన్ననే రాయలేకపోయాను.

రిపోర్టరమ్మ కవరు తీసి చూసి కూర్చుండిపోయారు. పెద్దసారు క్షమాపణ చెప్పి, నావైపు తిరిగి, "సప్లయర్ వచ్చాడా?" అన్నారు.

ఫోన్ ఎత్తడంలేదు సార్ అనే మాట నోటిదాకా వచ్చింది. వచ్చిందనే రాస్తున్నాను.

"సప్లయర్ ఎవరూ లేరు సార్. మా నాన్న కుట్టాడు. పోస్టాఫీసు మెట్ల పక్కన గొడుగులు బాగుచేస్తాడు. మొన్న వానలో మీ గొడుగుకి కమ్ములు వేసింది ఆయనే."

పెద్దసారు మూలనున్న తన గొడుగు వైపు చూశారు. "ఆయనా? నిన్ను మేడమ్ అన్నాడే!"

"అన్నాడు సార్."

ఆ తర్వాత మిగతావి చెప్పడం తేలికైంది. తడిగుడ్డతో తుడిచింది నేనని, ఆరకుండా కప్పింది నేనని, మూలన ఆ మెరుపు నా ఎరేజరుదని. నాన్న గుడ్డని ఉతకలేదు, నేను అడగలేదు. రెండూ చెప్పాను.

రిపోర్టరమ్మ మొత్తం విన్నారు. మధ్యలో ఆపలేదు, అది ఆవిడ వృత్తి అనుకుంటాను. ఆఖరున అన్నారు: "మీ నాన్న, నువ్వు, ఆ మేడమ్ అనడం, ఇదంతా విన్నాక నేను కరిగిపోవాలేమో. కరిగాననే అనుకో. మరక మాత్రం మరకే కదమ్మాయ్. దీన్ని వరదల్లో నెత్తిమీద పెట్టుకుని నడిచాను, ఒక్క చుక్క పడనివ్వలేదు. నీకిచ్చి రెండువారాలు కాలేదు."

"అవునండీ."

"తీసుకెళ్ళిపోతున్నాను."

చంకన పెట్టుకుని మెట్లు దిగారు. నేను తలుపు తీసి పట్టుకున్నాను. ఆవిడ వెనక్కి చూడలేదు.

పెద్దసారు కిటికీ రెక్క మూసి వచ్చారు. "ముందే మా నాన్న అని చెప్పి ఉంటే నేను కాదనేవాణ్ణా?" అని అడిగారు. నన్నడిగారో, తనని తానే ప్రశ్నించుకున్నారో. ఉద్యోగం మాట అడిగితే, "ప్రదర్శన అయ్యేదాకా ఉండు. తర్వాత చూద్దాం" అన్నారు. ఆవిడ యంత్రం ఉండాల్సిన చోటు ఖాళీగానే ఉంచమన్నారు, పేరు చీటీతో సహా.

వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచి, "ఆ నల్లవన్నీ తీసెయ్. మళ్ళీ కుట్టాలి కదా. ఈసారి కాగితాలు చూసి కాదు, యంత్రాలు చూసి కుట్టమని చెప్పు. ఆయన్ని ఇక్కడికే రమ్మను" అన్నారు.

జూన్ 29

నాన్న రానంటే రానన్నాడు. అంత పెద్ద ఆఫీసులో నాకేం పని అన్నాడు. అమ్మ ఇస్త్రీ చొక్కా తెచ్చి ఒళ్ళో పడేసి, "నల్లబడ్డ చొక్కా వేసుకెళ్ళకు, దాన్ని చూస్తే వాళ్ళకి మళ్ళీ మరక గుర్తొస్తుంది" అంది.

జూన్ 30

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి ఎవరని అడిగాడు. మా నాన్న అన్నాను. ఊరికే అడిగినవాడికి నేను కొంచెం గట్టిగానే చెప్పినట్టున్నాను, బెదిరిపోయి దారి ఇచ్చాడు.

నాన్న గదిలోకి వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో యంత్రం చుట్టూ తిరిగాడు. ఇన్నాళ్ళూ కాగితాల్ని బట్టి కుట్టాడే తప్ప ఒక్కదాన్నీ చూడలేదు. పిడి ఉన్న పెద్దదాని దగ్గర ఆగి, "దీన్ని మోసుకెళ్ళేవాళ్ళా?" అని, "పాపం" అన్నాడు. ఎవరి మీద జాలిపడ్డాడో తెలియదు.

తెల్ల నూలుగుడ్డ తెచ్చాడు. నిన్న వేడినీళ్ళలో వేసి ఉతికి, ఆరేసి, మళ్ళీ ఉతికి ఆరేసినది. మెత్తబడి, బిగువంతా పోయి, నలిగి ఉంది. పెద్దసారు చూసి ఇస్త్రీ లేదేంటి అన్నట్టు మొహం పెట్టారు గానీ నోరు విప్పలేదు.

యంత్రం మీదే గుడ్డ పరిచి గుండుసూదులు గుచ్చుతున్నాడు. ఒక అంచు నన్ను పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. నాకు తెలిసినట్టే పట్టుకున్నాను, బిగించి, ముడతలేకుండా.

"ఏంటే అట్లా లాగుతావ్!" అన్నాడు నాన్న.

పెద్దసారు తలెత్తారు.

"వదులుగా పట్టుకో. లాగితే రేపు మూలల్లో ఒత్తుకుంటుంది. ఊపిరాడాలి దానికి. అటు కాదే, ఇటు! బొటనవేలు కిందికి! కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?"

పెద్దసారు నావైపు చూస్తున్నారు, నేనేమంటానో అని. నాన్నకి అవేం పట్టలేదు. నోట్లో రెండు సూదులు కరుచుకుని, వాటి మధ్యనుంచే గదమాయించాడు:

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు!"

చెప్పడం అదే మొదటిసారి. బొటనవేలు కిందికి పెట్టి, వదులుగా పట్టుకున్నాను.